పది లెక్కపెట్టే లోపల

కొరుక్కుపేట రైలు గేటు పక్కన
మా మూడో తరగతి, తెలుగు మీడియం.
గూడ్సు బండి వచ్చినప్పుడల్లా
పాఠం నోరు మూసుకుంటుంది.

జూన్‌లో పైనుంచి కాగితం వచ్చింది:
ధారాళ పఠనం, గ్రహణశక్తి, పదసంపద,
నిర్దేశిత గడువులో సాధించవలెను.
గట్టిగా చదివి వినిపించాను.
"ఎవరికి టీచర్ జబ్బు?" అంది ధనకోటి.

అందుకని పాత క్యాలెండర్లు తిరగేసి
వాటి తెల్లటి వీపుల మీద
మన మాటల్లో రాసుకుందామన్నాను.
ప్రతి వాక్యం 'నేను'తో మొదలవ్వాలి,
అదొక్కటే షరతు.

మొదటిది నేనే రాశాను:
నేను ఒక పేజీ ఆగకుండా చదువుతాను.
"ఆగకుండానా? మరి ఊపిరో?" అన్నాడు మస్తాన్.
నిజమే. కొట్టేశాను.
నేను కామా దగ్గర కాస్త, చుక్క దగ్గర బాగా ఆగుతాను.
వాడికి ఆగడం భలే నచ్చింది.
ఆ వారమంతా చుక్కచుక్కకీ
కిటికీ దాకా పోయి కాకిని చూసొచ్చేవాడు.

నేను తెలియని మాట కింద వేలు పెట్టి అడుగుతాను.
పెట్టారు వేళ్ళు, నేనూహించని చోట్లన్నీ.
పుస్తకంలో రైతు కళ్ళంలో
ధాన్యం తూర్పారబడుతున్నాడు.
"తూర్పంటే సముద్రం కదా టీచర్,
అందులో పోస్తారా?"
హార్బర్లో మూటలు దించేవాళ్ళ పిల్లలు మరి.
వంటావిడ సెల్వి నడిగి చేట తెచ్చి
ఫ్యాను కింద వేరుశనగ పొట్టు ఎగరేసి చూపించాను.
ఊడ్చేసరికి లెక్కల పీరియడ్ పోయింది.

నేను రెండు లిపుల్లో నా పేరు రాస్తాను.
ఇది ధనకోటిది.
బస్సు మీద తమిళం, బడిలో తెలుగు,
రెంటి మధ్యా రోజూ నడుస్తుంది ఆ పిల్ల.
"తమిళంలో ఒక్క 'క'నే టీచర్.
కకీ గకీ అన్నిటికీ అదే పోతుంది,
మా అమ్మ నాలుగిళ్ళకీ పోయినట్టు."
సుద్దముక్క చేతిలో అలాగే ఉండిపోయింది.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ
ఆ 'క'ని ఒక్కసారైనా కుశలమడిగానా?

పెంచలయ్యని అందరూ పెన్సిలంటారు.
రెండ్రోజులు కాగితం జేబులో నలిపి
మూడోరోజు బల్ల మీద పడేసి పారిపోయాడు.
నేను తపు చదివితే నవనివాళ పకన కూచుంటా.
ఒత్తులు దిద్దబోయి
ఆగాను,
చుక్క దగ్గర ఆగినట్టు.
అలాగే అంటించాను.

అట్ట అడుగున కాస్త జాగా మిగిలింది.
"మరి మీది?" అన్నారు.
తప్పించుకునే దారి లేదు.
నేను నోటిదాకా వచ్చిన మాట అందించకుండా
పది లెక్కపెడతాను.

రాయడం తేలికే.
నిన్న పెంచలయ్య వంతు. పక్కన ధనకోటి,
వాడే ఎంచుకున్నాడు.
'వస్త్రం' దగ్గర చిక్కుకున్నాడు.
స కింద త, దాన్ని చుట్టుకుని ర,
మూడు కాపురాలున్న ఒంటిగది.
ఒకటి. రెండు.
నా నాలుక మీద ఆ మాట ఉడికిపోతోంది.
మూడు. నాలుక్కి గేటు గంట మోగింది.
ఆరుకి గూడ్సు.
నా లెక్క ఎక్కడికో పోయి
పెట్టెల లెక్క మొదలైంది.
ఎక్కడో ఇరవయ్యో పెట్టె దగ్గర
వాడి పెదాలు కదిలాయి.

బండి వెళ్ళిపోయింది.
"మళ్ళీ చదువు నాన్నా" అన్నాను.
"చదివేశాగా టీచర్!"

ధనకోటి వైపు చూశాను.
తలూపింది.
విన్నదో, తోడు నిలిచిందో,
ఆ పిల్ల కళ్ళలో ఏమీ దొరకలేదు.
లేచి, నా వాక్యం పక్కన
సగం టిక్కు పెట్టుకున్నాను.
వాడప్పటికే పేజీ తిప్పేశాడు.